పైరంగు వెయ్యని మావ

మనిషిని పలకరించే ముందు ఆ మనిషి చేతిలో ఉన్న గిన్నెను పలకరించేవాడు మావ. కుడిచేతి నడిమివేలు మడిచి, ఆ కణుపుతో ఒకటే దెబ్బ. టక్. తల కొంచెం పక్కకు వంచి వినేవాడు. ఆ తర్వాతే "బాగున్నావేటమ్మా" అనేవాడు. బియ్యం డబ్బా, ట్రాము కడ్డీ, టీ కొట్టులో కెటిలు, పోస్టు డబ్బా, దేన్నీ వదిలేవాడు కాదు. మా ఆయన పొట్ట మీద కూడా ఒకసారి తట్టి, ఫరవాలేదు, తుప్పు లేదన్నాడు. మా వాళ్ళెవరైనా కొత్త బీరువా కొంటే, అది ఇంట్లోకి చేరేదాకా మావను వీధి చివర మాటల్లో పెట్టి ఆపడానికి ఒక మనిషిని పంపేవారు. లేకపోతే నలుగురి ముందూ దాన్ని తట్టి, "లోన పోనాది" అని ఒక్క ముక్క అనేసి తన దారిన తను వెళ్ళిపోతాడు. ఆ ఇంటావిడకు వారం రోజులు అన్నం సయించదు.

ముప్పై రెండేళ్ళు ఖిదిర్‌పూర్ డాకులో, అంటే గంగ ఒడ్డు ఓడరేవులో, ఓడలకు తుప్పు గీకి రంగులు వేసిన మనిషి. ఓడ పక్కన తాళ్ళతో వేలాడదీసిన పలక మీద కూర్చుని, చిన్న సుత్తితో రేకును కొట్టి కొట్టి తుప్పు రాల్చడాన్ని వాళ్ళు చిప్పింగ్ అనేవారు. ఆ మోతకు చెవులు పోయాయి. వెనక బస్సు హారన్ కొడితే వినపడేది కాదు. రేకు లోపలి తుప్పు మాత్రం వినపడేది. ఇదెలా కుదురుతుందని నేను చాలాసార్లు వాదించాను. వినపడకో, వినిపించుకోకో, జవాబు చెప్పేవాడు కాదు.

పోయిన నెల పోయాడు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. ఆయన గురించి మంచి చెప్పడానికి నాకే ఇబ్బందీ లేదు. ఇబ్బందంతా అందులో నా వాటా చెప్పడంలోనే ఉంది.

మావ నాకు చుట్టం కాదు. శ్రీకాకుళం పక్క సముద్రపు ఊళ్ళనుంచి డాకు పనికి వచ్చినప్పుడు మా నాన్నా ఆయనా ఒకే రైలుపెట్టెలో వచ్చారట. మా అమ్మ ఆయన్ని తమ్ముడూ అని పిలిచింది కాబట్టి నాకు మావ, ఆయన భార్య అత్త. మెటియాబ్రుజ్‌లో దర్జీ కార్ఖానాల వెనక సందులో మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ ఎదురెదురు. ఆ సందులో కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్లను నేను. తర్వాత తెలుగు పిల్లల బడిలో లెక్కలు చెప్పే ఉద్యోగం దొరికింది. ఆ రోజునుంచి ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి "పంతులమ్మా" అనడం మొదలుపెట్టాడు. అందులో గౌరవం ఎంతో, వెక్కిరింత ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

వానలకు ముందు ప్రతి ఏడూ తన ఇంటి కిటికీ కమ్మీలు గీకి, తుప్పు పట్టకుండా వేసే ఎర్ర రంగు పూసేవాడు. అంతటితో సరి. దాని మీద వెయ్యాల్సిన రంగు ఎప్పుడూ వేసేవాడు కాదు. ఏడాది పొడుగునా ఆ కిటికీ ఎర్రగానే ఉండేది. మా పేటలో ఎర్రజెండా పార్టీ కుర్రాళ్ళు అది తమ మీద అభిమానమనుకుని చందా పుస్తకం పట్టుకుని ముందు ఆయన దగ్గరికే వచ్చేవారు. పైరంగు ఎప్పుడేస్తావు మావా అని నేనడిగితే ఎప్పుడూ ఒకటే మాట.

"పైరంగు ఎవుడైనా ఏస్తాడమ్మా. కింద సూసినోడే రంగులోడు."

ఇది గొప్ప మాటని నాకెప్పుడూ అనిపించలేదు. బద్ధకానికి పెట్టుకున్న ముద్దుపేరనుకునేదాన్ని. ఆయన మొహం మీదే ఆ మాట అన్నాను కూడా.

మా ఆయన పోర్టు ఆఫీసులో గుమాస్తా. రిటైరై వెళ్ళిపోతున్న ఒక అధికారి దగ్గర పాత అంబాసిడర్ కొన్నాడు. రెండేళ్ళు నడిపాడు. కళ్ళలో ఒత్తిడి పెరిగింది, ఇక స్టీరింగు పట్టుకోవద్దని డాక్టరు చెప్పాక దాన్ని సందు మొదట్లో, మా ఇంటి ముందే, టార్పాలిన్ కప్పి పెట్టాం. గంగ పక్కన రెండు వానాకాలాలు నానింది. అమ్ముదామంటే వచ్చినవాడల్లా టార్పాలిన్ ఎత్తి, దాని వాలకం చూసి, మళ్ళీ కప్పి వెళ్ళిపోతున్నాడు.

ఏక్‌బాల్‌పూర్‌లో ఒక గారేజీకి వెళ్ళాం. మాట్లాడుతున్నది నేను, గారేజీ ఆయన జవాబు చెబుతున్నది నా వెనక నిలబడ్డ మా ఆయనకు. ఏ రంగు వాడతారు, ఎన్ని పూతలు వేస్తారు అని గట్టిగా అడిగితే అప్పుడు నావైపు చూసి నవ్వాడు. దిదీ, ఇది చీరకు అద్దకం కాదు అన్నాడు. అయితే నా కారుకు రంగు నేనే వేసుకుంటానని అక్కడే చెప్పి బయటికి వచ్చేశాను. ఆ ఒక్కడికే చెప్పి ఉంటే నాలుగు రోజులకు మరిచిపోయేదాన్ని. బడిలో చెప్పాను, సందులో చెప్పాను, చేపల బజారులో బేరం మధ్యలో కూడా చెప్పాను. కాలేజ్ స్ట్రీట్ పాత పుస్తకాల్లో, మోటారు కారుకు ఇంట్లోనే రంగు వేసుకోవడం ఎలాగో చెప్పే ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. పరీక్షకు చదివినట్టు చదివాను. రంగు బ్రష్షు ఒక్కసారైనా పట్టినదాన్ని కాదు.

పూజా సెలవుల్లో పని మొదలుపెట్టాను. పిలవకుండానే మావ సుత్తి పట్టుకుని వచ్చాడు. మొదటి మూడు రోజులూ పండగలా గడిచాయి, అది కూడా చెప్పాలి. ఆయన ఒక పక్క తుప్పు రాలుస్తుంటే నేను ఇంకోపక్క వాటర్ పేపర్, అదే గరుకు కాగితం, తడిపి రుద్దేదాన్ని. నా చేతిని పట్టుకుని, అరచేత్తో కాదు, వేళ్ళ చివరలతో రుద్దమని చూపించేవాడు. పుస్తకంలో అలా లేదంటే, పుస్తకం రాసినోడికి చేతులున్నాయా అనేవాడు.

అద్దాల మీద రంగు పడకుండా కాగితాలు అంటించమని పుస్తకంలో ఉంది. దేనితో అంటించాలో చెప్పే పేజీ చిరిగిపోయింది. నాకు తెలిసిన జిగురు ఒకటే, బడిలో చార్టులు అంటించే మైదా గంజి. కాగితాలకు కొదవలేదు, పాత క్వార్టర్లీ జవాబు పేపర్లు కట్టలు కట్టలున్నాయి. కారు అద్దాలన్నీ నా ఎర్ర సిరా మార్కులతో నిండిపోయాయి. మర్నాడు పొద్దున లేచి చూస్తే సందులోని మేకలు నాలుగు బానెట్ మీద ఉన్నాయి. ముందు అద్దం మీదున్న ఏడో తరగతి మొత్తాన్ని తినేశాయి. నేను కర్ర కోసం వెతుకుతుంటే మావ గుమ్మంలో కూర్చుని, మార్కులు తక్కువైనోళ్ళని ముందు తినీసినాయమ్మా అని ఓదార్చాడు.

నాలుగో రోజు ఆయన కారు కిందికి దూరాడు. నేల రేకును ఈ చివరినుంచి ఆ చివరికి కణుపుతో తట్టుకుంటూ వెళ్తున్నాడు. టక్ టక్ మని వస్తున్న చప్పుడు ఒకచోట తడి గోడను కొట్టినట్టు మెత్తగా వచ్చింది. ఆగిపోయింది. లోపల వెనక సీటు ముందరి చాప ఎత్తి చూడమని కేకేశాడు. ఎత్తాను. కారు నేలలోంచి మావ వేలు పైకి వచ్చి కదులుతోంది. ఆ చుట్టూ జానెడు మేర రేకు కాగితంలా ఉంది. వెనక కూర్చున్నవాళ్ళు కాళ్ళు పెట్టుకునే చోటది.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే బేరం వచ్చింది. గంగ అవతల టికియాపారానుంచి మన తెలుగతనే వచ్చాడు. తండ్రి మునిసిపాలిటీలో రోడ్లు ఊడ్చేవాడు, ఇతను డ్రైవింగ్ నేర్చుకుని ఇన్నేళ్ళూ పరాయివాళ్ళ బండ్లు నడిపాడు. సొంతానికి ఒకటి కొని పూల్ కార్ తిప్పాలని, అంటే పొద్దునా సాయంత్రం స్కూలు పిల్లల్ని ఇంటినుంచి బడికి, బడినుంచి ఇంటికి చేర్చాలని అతని ఆశ. బడులు సోమవారం తెరుస్తారు. గురువారం కల్లా బండి చేతికొస్తే తీసుకుంటానన్నాడు, లేకపోతే శివపూర్‌లో ఇంకోటి చూశాడట. ముందు సీటులో ముగ్గురు, వెనక అయిదుగురు అని జానలతో కొలిచి చూసుకున్నాడు. ఆ చాప మీద చెయ్యి ఆనించే కొలిచాడు.

అతను వెళ్ళాక మావ చేతులు తుడుచుకుని, రేకు కోసి కొత్త పలక వెల్డింగ్ చెయ్యాలన్నాడు. ఈ సందులో ఆ పనికి వారం పడుతుంది. నేను కుదరదన్నాను. గురువారం ఇస్తానని మాటిచ్చాను కదా, అన్నిటికంటే ముందు ఊరంతా చెప్పుకున్నాను కదా. పైకి ఆ రెండో మాట అనలేదు. చాప కింద ఎవరు చూస్తారు, ఒక రేకు ముక్క పెట్టి పుట్టీ పూసి నల్ల రంగు వేస్తే సరిపోతుంది, చిన్నపిల్లల బరువు ఎంతని లెక్క కూడా చెప్పాను. ఎనిమిదిని సగటు బరువుతో గుణించి చూపించాను.

మావ కారు బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. డాకు సంగతులు ఆయన ఎప్పుడూ నవ్వించడానికే చెప్పేవాడు. ఆ రోజు చెప్పింది అంతకు ముందెప్పుడూ చెప్పలేదు, ఆ తర్వాత కూడా చెప్పలేదు.

"ఒకపాలి ఓడకి సర్వే తనికీ ఉంది. గీకడానికి టయిము నేదు, పైన రంగు ఏసీమన్నాడు సర్దారు. ఏసీసినాను. రెయిలింగు తెల్లగా మెరిసిపోనాది. మర్నాడు ఓడ మనిషొకడు దాని మీద సెయ్యేసి వొంగినాడు. రంగు సూసి నమ్మినాడమ్మా ఆడు. నాను అవతల చిప్పింగులో ఉన్నాను. ఆడి కేక నాకు ఇనపడనేదు."

ఎవరైనా అక్కడితో నోరు మూసుకుంటారు. నేను మూసుకోలేదు. అది ఓడ, ఇది కారు అన్నాను. అది ఉప్పు నీళ్ళు, ఇది రోడ్డు అన్నాను. కోపం వస్తే నాకూ మా అమ్మ భాషే వస్తుంది. "నీ పాపానికి నా కారేటి సేసింది మావా" అన్నాను.

ఆయన చాలాసేపు నా మొహం చూశాడు. నన్ను కూడా కణుపుతో తట్టి చూస్తాడేమో అనిపించింది.

"రంగు ఎయ్యడం నేర్పుతాను పంతులమ్మా. కుళ్ళు మీద ఎయ్యడం నేర్పను."

సుత్తి తీసుకుని సందు దాటి వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళి కూర్చున్నాడు. నాలుగు అంగల సందు. ఆ నాలుగు అంగలూ మళ్ళీ ఆయన ఇటు దాటలేదు.

వంటింట్లో ఖాళీ అయిన ఆవనూనె డబ్బా ఉంటే దాన్ని కోసి, రోకలితో కొట్టి చదును చేశాను. కన్నం మీద పెట్టి చుట్టూ పుట్టీ మెత్తాను, బొటనవేలితో నొక్కి నొక్కి అంటించాను. పైన నల్ల రంగు పూసి, ఆరాక చాప పరిచాను. నిజం చెప్పొద్దూ, చూడ్డానికి చక్కగానే ఉంది.

మంగళవారం బంద్. ఎవరు పిలుపిచ్చారో గుర్తులేదు. ఆ రోజుల్లో ఎదురు పార్టీవాళ్ళే కాదు, పాలించేవాళ్ళు కూడా బంద్‌కు పిలుపిచ్చేవాళ్ళు. కారుకు రంగు చల్లడానికి అంతకంటే మంచి రోజు ఉండదు. లారీ రాదు, ఆటో రాదు, దుమ్ము లేవదు. ముందు రోజే తోపుడు బండి మీద అద్దె కంప్రెసర్ తెప్పించి పెట్టుకున్నాను. కుట్టుమిషన్లు ఆగిపోయిన దర్జీలు, డాకుకు పోని మగవాళ్ళు, పిల్లలు, అందరూ అరుగుల మీద చేరారు. క్రికెట్ చూడ్డానికి వచ్చినట్టు పల్లీలు తెచ్చుకున్నారు. ఎడమ తలుపు మీద రంగు చల్లే గన్ను మరీ దగ్గరగా పెట్టేసరికి రంగు ధారలు కట్టింది. బానెట్ సగంలో ఉండగా కరెంటు పోయింది. గంటన్నర అందరం కూర్చుని, గాలిపటాల మీదా ముఖ్యమంత్రి మీదా మాట్లాడుకున్నాం. కరెంటు వచ్చాక పూర్తి చేశాను. మీగడ రంగు. ఎండలో మెరిసింది. ఎవరో ఈల వేశారు. దర్జీ మాస్టారు వచ్చి, దిదీ, మీ గారేజీ ఎప్పుడు తెరుస్తున్నారని అడిగాడు.

మావ తన గుమ్మంలో స్టూలు మీద కూర్చుని అంతా చూశాడు. మెచ్చుకోలేదు, తప్పు పట్టలేదు. చేతిలో ఖాళీ టీ గ్లాసు ఉంది. దాన్ని మాటిమాటికీ తడుతున్నాడు.

గురువారం టికియాపారా అతను భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. అతను తాళాలు తీసుకున్నాక, అడగాలా వద్దా అన్నట్టు ఒక మాట అడిగాడు.

"కింద ఏటైనా పని ఉందా దిదీ?"

"లేదు" అన్నాను.

ఆ మాట చెప్పినప్పుడు అతని భుజం మీదుగా మావ కనపడ్డాడు. ఆయనకు వినపడదు, కానీ డాకులో ముప్పై ఏళ్ళు మోతలో పనిచేసినవాళ్ళు పెదాలు చూసి మాట పట్టుకుంటారు. ఆయన లేచి లోపలికి వెళ్ళాడు.

మర్నాటినుంచి అయిదారు రోజులు స్టూలు ఖాళీగా ఉంది. అత్తని అడిగితే, హౌరా పక్క తెలిసినవాళ్ళింటికి పోయాడంది. నా మొహం చూడలేక పోయాడనుకుని కొంచెం సంతోషించాను కూడా. తిరిగొచ్చాక చూస్తే గోళ్ళ చుట్టూ ఎర్ర మరకలు. కిటికీ మళ్ళీ గీకాడనుకున్నాను. కిటికీ వైపు తలెత్తి చూసి ఉంటే తెలిసేది.

మొదట్లో నా పరిస్థితి బాగా లేదు. బడి ముందు పిల్లలతో కిక్కిరిసిన ఏ పాత కారు ఆగినా నా కళ్ళు దాని అడుగుకే పోయేవి. తలుపు తెరిచి దిగే పిల్లల కాళ్ళు లెక్కపెట్టేదాన్ని. పొద్దున్నే పేపరు వస్తే ముందు ప్రమాదాల వార్తలు చూసేదాన్ని. టికియాపారా వెళ్ళి చెప్పేద్దామని రెండుసార్లు హౌరా బస్సెక్కాను, రెండుసార్లూ వంతెన దాటకుండానే దిగిపోయాను. అలా ఒక ఏడాది. ఏమీ కాలేదు. రెండేళ్ళు. ఏమీ కాలేదు. ఎవరో ఆ పక్కనుంచి వచ్చి, నీ మీగడ కారు ఇంకా పరిగెడుతోందని చెప్పారు. భయం మెల్లగా నేను చెప్పిందే రైటు అనే ధీమాగా మారింది. అది ఎలా మారిందో, ఏ రోజు మారిందో నాకు తెలియలేదు.

ఆ తర్వాత ఎక్కడ కనపడ్డా మావను వదల్లేదు. పెళ్ళిలో, పూజ పందిట్లో, రేషను షాపు లైన్లో. టికియాపారా బండి తిరుగుతోందట మావా అనేదాన్ని. "తిరగనీ అమ్మా" అనేవాడు, చేతికందిన దేన్నో తట్టేవాడు. ఒకసారి వాళ్ళ మనవడి బారసాలకు బంధువులంతా ఉన్నారు. ఆ కథంతా మేకలతో సహా నవ్విస్తూ చెప్పి, చివర్లో, మావ లెక్క ప్రకారం ఈపాటికి ఎనిమిది మంది పిల్లలూ హౌరా రోడ్డు మీద పడి ఉండాలి అన్నాను. అందరూ నవ్వారు. మావ కూడా నవ్వాడు. పదకొండేళ్ళలో ఇలాంటివి ఎన్ని అన్నానో.

పెద్దకర్మ అయిన నాలుగు రోజులకు అత్త కబురు పెట్టింది. ఫ్యామిలీ పెన్షన్‌కు కావలసిన కాగితాలు ఏవో ఆయన ట్రంకు పెట్టెలో ఉన్నాయి, చదివి తీసిపెట్టమంది. పెట్టె తెరిచాను. పైన సుత్తి, తీగ బ్రష్షు, పగిలిన కళ్ళద్దాలు. వాటి కింద కాగితాల సంచి. దాన్ని బయటికి తీశాక అడుగున పరిచినట్టు ఒక రేకు కనపడింది. ఒక పక్క ఆవపూల బొమ్మ. తిప్పాను. రెండో పక్క నల్ల రంగు, అంచుల చుట్టూ ఎండిపోయిన పుట్టీ. పుట్టీలో వరసగా బొటనవేలి ముద్రలు. నా వేలు తీసి ఒకదానిలో పెట్టాను. సరిపోయింది.

అత్త వెనకనుంచి, "ఏటో ఆ రేకు, పారీమంతే పారీనేదు" అంది.

ఆ రేకు ఇక్కడుంటే ఆ కన్నం మీద ఏముంది? ఇన్నేళ్ళూ దేని మీద ఆ పిల్లలు కాళ్ళు పెట్టుకున్నారు? పెన్షన్ కాగితాలు అత్త చేతిలో పెట్టి బస్సెక్కాను. ఈసారి వంతెన దాటాను.

టికియాపారాలో రైలు పట్టాల గోడ పక్కనే అతని ఇల్లు. జుట్టు నెరిసింది. ఇప్పుడు చిన్న వ్యాను నడుపుతున్నాడు. మా కారు ఇంటి ముందే ఉంది, చక్రాలు తీసేసి ఇటుకల మీద నిలబెట్టాడు. మీగడ రంగు పెచ్చులు లేచిపోయింది, ఎడమ తలుపు మీద నా ధారలు మాత్రం అలాగే ఉన్నాయి. నన్ను గుర్తుపట్టి గబగబా కుర్చీ తెచ్చి వేశాడు, భార్యను టీ పెట్టమన్నాడు. మావ పోయాడని చెప్పాను. వెళ్ళి కారు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. తర్వాత తనే మొదలుపెట్టాడు.

కారు కొన్న మర్నాడు పొద్దున్నే మావ సుత్తి సంచీతో దిగాడట. రైల్వే పనివాళ్ళను ఇద్దరిని పట్టుకుని, కింద రేకు కోయించి, మందమైన పలక వేసి వెల్డింగ్ చేయించాడట. దాని మీద రెండు పూతలు ఎర్ర రంగు తనే వేశాడట. సోమవారం బండి తియ్యనివ్వలేదని, రెండు రోజుల ట్రిప్పులు పోయాయని అప్పుడు ఇతనికి కోపం వచ్చిందట. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోందన్నాడు.

"అయినా మావని మీరే పంపినారు గదా దిదీ. అమ్మీసిన తరవాత కింద పోనాదని మీకు తెలిసిందంట, అన్నం సయించనేదంట, పో మావా, పిల్లలెక్కకముందే సరిసేసి రా అన్నారంట. మావే సెప్పినాడు."

అతని భార్య టీ ఇస్తూ, పండగలకు దీపం పెట్టినప్పుడల్లా మిమ్మల్ని తలుచుకుంటాం అంది.

టీ గ్లాసు కింద పెట్టాను. "నేను పంపలేదు" అన్నాను. "నాకు ముందే తెలుసు. తెలిసే అమ్మాను. కింద నూనె డబ్బా రేకు పెట్టింది నేనే. నువ్వడిగితే లేదని చెప్పింది నేనే."

అతను భార్య వైపు చూసి నవ్వాడు. ఎప్పటినుంచో ఎదురుచూస్తున్న మాట విన్నట్టు నవ్వాడు.

"మావ అప్పుడే సెప్పీసినాడు దిదీ. పంతులమ్మని ఎప్పుడైనా అడిగితే నాను పంపనేదంటాది, నమ్మకు, ఆయమ్మకి వాదించడం అలవాటు అన్నాడు."

వాదించాను. తేదీలు చెప్పాను, బంద్ సంగతి చెప్పాను, పుట్టీలో నా వేలి ముద్రల సంగతి చెప్పాను. ఓడ రెయిలింగు సంగతి కూడా చెప్పాను. అతను వింటూ, తలూపుతూ, బిస్కెట్ల పళ్ళెం నావైపు జరుపుతూనే ఉన్నాడు. చివరికి లేచి వెళ్ళి కారు వెనక తలుపు తీశాను. చాప లేదు. ఎర్ర పలక ఎక్కడా చెక్కుచెదరకుండా ఉంది. నడిమివేలు మడిచి కణుపుతో కొట్టాను. గట్టిగా, నిండుగా పలికింది.

కుళ్ళు మీద పైరంగు వెయ్యనన్న మనిషి ఒక్కసారి వేశాడు, నా మీద. పనివాడు వేసిన పూత అది. ఆ మధ్యాహ్నమంతా గీకాను, పెచ్చు కూడా లేవలేదు.